ఆలయాలలోని ఉత్సవాయుధాలు – సాంస్కృతిక, చారిత్రక ప్రాధాన్యం

(నేపథ్య వ్యాసం)

పల్నాడు జిల్లాలోని కారంపూడిలో నాగులేటి ఒడ్డున ప్రతి సంవత్సరం కార్తీక అమావాస్య నాడు పల్నాటి వీరుల ఉత్సవాలు ప్రారంభమవుతాయి. పలు ప్రాంతాలలో స్థిరపడిన వీరాచారవంతులు తమ ఇళ్లలో తరతరాలుగా పూజలందుకుంటున్న ఆయుధాలను భుజాన ధరించి ఇక్కడికి చేరుకుంటారు. నాగులేటిలో ఆయుధాలకు స్నానం చేయించి, పసుపు కుంకుమలతో అలంకరించి, వీరుల గుడికి తీసుకువెళతారు. పన్నెండవ శతాబ్దంలో జరిగిన యుద్ధం ఈ విధంగా ఐదు రోజుల పాటు జనస్మృతిలో మళ్లీ సజీవమవుతుంది. ఈ ఆయుధాలకు అద్దాల పెట్టెలు లేవు, వివరణ ఫలకాలు లేవు. వాటి చరిత్రను భద్రపరుస్తున్నది ఆరాధన.

తెలుగునాట అనేక ఆలయాలలో ఇటువంటి ఆయుధాలు కలవు. చక్రం, త్రిశూలం, ఖడ్గం, కుంతం, కఠారి, గద మొదలైనవి దైవస్వరూపాలుగాను, రాజుల కానుకలుగాను, వీరుల స్మృతిచిహ్నాలుగాను గౌరవం పొందుతున్నాయి. ఆలయ సంపద గురించిన చర్చ సాధారణంగా విగ్రహాలు, ఆభరణాలు, భూములు, శాసనాల చుట్టూ సాగుతుంది. ఆయుధాల ప్రస్తావన అరుదు. ఇనుప కత్తికి మార్కెట్టు విలువ స్వల్పం కావడం ఇందుకు ఒక కారణం. అయితే చరిత్రకారునికి, లోహశాస్త్రజ్ఞునికి, జానపద పరిశోధకునికి ఆ కత్తి చెప్పగల విషయాలు బంగారు ఆభరణం చెప్పగల విషయాలకు తీసిపోవు. వస్తువు, దాని వెనుక గల కథనం, దానితో ముడిపడిన ఆచారం – ఈ మూడూ కలిసినప్పుడే ఆలయాయుధానికి సంపూర్ణమైన విలువ ఏర్పడుతుంది. వాటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెండింటి అర్థం తగ్గిపోతుంది.

ఆయుధమే దైవం

వైష్ణవ సంప్రదాయంలో విష్ణువుకు ఐదు ఆయుధాలు ప్రధానమైనవి. అవి సుదర్శన చక్రం, పాంచజన్య శంఖం, కౌమోదకి అనే గద, శార్ఙ్గమనే ధనుస్సు, నందక ఖడ్గం. వీటిని పంచాయుధాలని వ్యవహరిస్తారు. ఇవి స్వామి చేతిలోని సాధనాలు మాత్రమే కాక, స్వతంత్రంగా పూజార్హమైన దేవతలని ఆగమ సంప్రదాయం భావిస్తుంది. ఆళ్వారులను, భక్తకవులను ఆయుధాంశతో జన్మించినవారిగా పేర్కొనడం కూడా ఈ భావన నుండి వెలువడినదే. తొలి ముగ్గురు ఆళ్వారులైన పొయ్గై, భూతత్తు, పేయాళ్వారులను వరుసగా పాంచజన్య, కౌమోదకి, నందకాంశలుగా సంప్రదాయం పరిగణిస్తుంది. పదకవితా పితామహుడు తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) కూడా నందకాంశ సంభూతుడని ప్రసిద్ధి.

ఆయుధానికి గల దైవత్వం తిరుమల బ్రహ్మోత్సవాల ముగింపు రోజున స్పష్టంగా కనిపిస్తుంది. ఆనాడు శ్రీదేవీ భూదేవీ సమేత మలయప్పస్వామితో పాటు సుదర్శన చక్రత్తాళ్వారుకు వరాహస్వామి ఆలయం వద్ద స్నపన తిరుమంజనం నిర్వహించిన అనంతరం, చక్రత్తాళ్వారును స్వామిపుష్కరిణిలో ముంచుతారు. ఇదే చక్రస్నానం. అదే సమయంలో వేలాది భక్తులు పుష్కరిణిలో మునుగుతారు. వైకుంఠ ద్వాదశి, రథసప్తమి, అనంతపద్మనాభ వ్రతం సందర్భాలలో కూడా తిరుమలలో చక్రస్నానం జరుగుతుంది. శైవక్షేత్రాలలో ఈ స్థానం త్రిశూలానిది. శ్రీశైలం, శ్రీకాళహస్తి, తిరుపతిలోని కపిలేశ్వరాలయం వంటి క్షేత్రాలలో ఉత్సవాల ముగింపులో త్రిశూలస్నానం నిర్వహిస్తారు. రెండు సంప్రదాయాలలోను ఉత్సవాంత స్నానాన్ని అందరి పక్షాన ముందుగా స్వీకరించేది ఆయుధరూపంలోని దైవమే కావడం గమనార్హం.

తిరుమల మూలమూర్తి శంఖచక్రాల విషయంలో ప్రచారంలో ఉన్న కథనం కూడా ఆయుధాల ప్రాధాన్యాన్ని సూచిస్తుంది. శత్రువులతో పోరాడుతున్న తొండమాన్ చక్రవర్తికి స్వామి తన శంఖచక్రాలను ప్రసాదించాడని, అందువల్లనే మూర్తి చేతులలో అవి సహజంగా కనిపించవని స్థలపురాణం చెబుతుంది. తరువాతి కాలంలో ఈ మూర్తి ఎవరిదన్న వివాదం తలెత్తినప్పుడు, రామానుజాచార్యులు గర్భాలయంలో ఆయుధాలను ఉంచి తలుపులు మూయించారని, తెల్లవారేసరికి స్వామి శంఖచక్రాలను ధరించి కనిపించాడని వైష్ణవ సంప్రదాయం వివరిస్తుంది. ఈ కథనాలను చరిత్రగా స్వీకరించాలా అన్న చర్చ వేరు. దేవుడెవరో ఆయుధమే తెలియజేస్తుందన్న భావన ఎంత బలమైనదో ఇవి తెలియజేస్తున్నాయి. శిల్పశాస్త్రంలోనూ మూర్తిని గుర్తించడానికి చేతులలోని ఆయుధాలే మొదటి ఆధారం.

రాజుల కానుకలు, శాసనాల సాక్ష్యం

ఆలయాలకు ఆయుధాలు చేరిన మరొక మార్గం రాజుల సమర్పణ. విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు 1513 – 1521 సంవత్సరాల మధ్య పలుమార్లు తిరుమలను దర్శించి అపారమైన కానుకలు సమర్పించాడు. ఆ వివరాలను తెలుగు, తమిళ, కన్నడ భాషలలో శాసనాలుగా చెక్కించాడు. నవరత్న కిరీటం, హారాలు, పళ్లెరాలతో పాటు రత్నఖచితమైన ఖడ్గం కూడా ఆ కానుకలలో ఉన్నది. రాజు అలంకారంలో ఖడ్గం ఎట్లా తప్పనిసరియో, రాజాధిరాజుగా భావించే స్వామి అలంకారంలోనూ అది అట్లే తప్పనిసరి అని ఆనాటి దృష్టి. స్వామివారి తిరువాభరణాలలో సూర్యకఠారి అనే ఖడ్గం కూడా పేర్కొనబడుతున్నది. ఖడ్గ సమర్పణ ఆధునిక కాలంలోనూ కొనసాగుతున్నది. 2021లో ఒక భక్తుడు తిరుమల స్వామికి స్వర్ణ నందకాన్ని సమర్పించాడు.

కృష్ణదేవరాయల కానుకల కాలం, ఉదయగిరి (1514), కొండవీడు (1515) విజయాలతో కూడిన కళింగ దండయాత్రల కాలం ఒకటే. యుద్ధానికి వెళ్లేముందు, విజయం సాధించిన తరువాత రాజు ఆలయానికి రావడం, అక్కడ దానాలు చేయడం రాజ్యాధికారానికి, దైవానుగ్రహానికి గల సంబంధాన్ని ప్రజలకు ప్రకటించే చర్య. విజయనగరంలో మహానవమి వేడుకలను పోర్చుగీసు యాత్రికులు డొమింగో పాయెస్, ఫెర్నావో నూనిజ్ పదహారవ శతాబ్దంలో విపులంగా వర్ణించారు. విజయనగర పతనానంతరం ఈ వేడుకను మైసూరు ఒడయారులు 1610 నుండి శ్రీరంగపట్టణంలో కొనసాగించారు. నేడు ఇంటింటా, కర్మాగారాలలో, బస్సు డిపోలలో, పోలీసు కార్యాలయాలలో జరిగే ఆయుధపూజ కూడా ఈ సుదీర్ఘ సంప్రదాయంలో భాగమే.

శాసనంలో నమోదైన ఆయుధానికి ఒక విశిష్టత కలదు. దాత ఎవరు, ఎప్పుడు ఇచ్చాడు, దేనితో చేయబడింది అన్న వివరాలు రాతిపై నిలిచి ఉంటాయి. వస్తువు కాలక్రమంలో కరిగిపోయినా, మారిపోయినా దాని జాడ మిగులుతుంది. శాసనం లేని ఆయుధానికి ఆ రక్షణ లేదు. దాని చరిత్ర అర్చకుని జ్ఞాపకంలోనో, గాయకుని కథలోనో, మోసే కుటుంబం ఆచారంలోనో మాత్రమే ఉంటుంది.

పల్నాటి వీరుల ఆయుధాలు

అటువంటి మౌఖిక చరిత్రకు పల్నాడు ఉత్తమమైన ఉదాహరణ. పన్నెండవ శతాబ్దం చివరి భాగంలో మాచర్ల, గురజాల రాజ్యాల మధ్య కారంపూడి వద్ద యుద్ధం జరిగింది. ఆనాటి కారంపూడి పేరు కార్యమపూడి. దాయాదులైన నలగామరాజు, మలిదేవరాజుల మధ్య రాజ్య విభజన, గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు, కోడిపందెంలో ఓటమి, మాచర్ల వారి వనవాసం, రాయబారిగా వెళ్లిన అలరాజు మరణం, చివరకు బాలచంద్రుడు మొదలైన వీరుల బలిదానం ఈ గాథలోని ప్రధాన ఘట్టాలు. శ్రీనాథుని రచనగా ప్రసిద్ధమైన ద్విపద కావ్యం ‘పల్నాటి వీరచరిత్ర’ను అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రకటించారు. అమెరికాకు చెందిన పరిశోధకుడు జీన్ రోఘెయిర్ గాయకుడు అలిశెట్టి గాలేయ్య గానం చేసిన కథను సేకరించి, ఆంగ్లంలోకి అనువదించి 1982లో గ్రంథంగా వెలువరించారు.

కావ్యం గ్రంథాలయాలలో ఉన్నది. గాథను ప్రజలలో నిలిపినవి మాత్రం వీరవిద్యావంతుల గానం, కారంపూడి ఉత్సవం. ఐదు రోజుల ఉత్సవంలో ప్రతి రోజుకు గాథలోని ఘట్టాన్ని స్మరింపజేసే ఒక పేరు కలదు. మొదటి రోజు రాచగావు, రెండవ రోజు రాయబారం, మూడవ రోజు మందపోరు, నాలుగవ రోజు కోడిపోరు, ఐదవ రోజు కల్లిపాడు. రాయబారం అలరాజు దౌత్యాన్ని, మందపోరు ఆలమందల కోసం జరిగిన పోరును, కోడిపోరు చరిత్రగతిని మార్చిన కోడిపందేన్ని, కల్లిపాడు వీరులు నేలకొరిగిన తుది సమరాన్ని గుర్తుచేస్తాయి. ఆయా రోజులలో ఆయుధధారులు ఊరేగింపుగా కదులుతుండగా వీరవిద్యావంతులు ఆ ఘట్టాలను గానం చేస్తారు. ఇక్కడ ఆయుధం వీరుని ప్రతినిధి. అందువల్ల దానిని ‘కత్తి’ అని సామాన్యంగా వ్యవహరించరు. కొణతమని, దైవమని గౌరవంగా పిలుస్తారు.

కొన్ని ఆయుధాలకు ప్రత్యేక నామధేయాలు కలవు. బ్రహ్మనాయుని ఆయుధం నృసింహకుంతం. కన్నమదాసుది భైరవఖడ్గం. మాల కులంలో జన్మించిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కుమారునిగా స్వీకరించి సేనానాయకత్వం అప్పగించాడని గాథ చెబుతుంది. కులభేదాలను తోసిపుచ్చి అందరూ ఒకే చాపపై కూర్చుని భుజించే ‘చాపకూడు’ను బ్రహ్మనాయుడు ప్రవేశపెట్టాడని ప్రసిద్ధి. ఉత్సవాలలో నేటికీ చాపకూడు నిర్వహిస్తున్నారు. నృసింహకుంతంతో పాటు భైరవఖడ్గానికి కూడా పూజార్హత లభించడం ఈ నేపథ్యంలో సామాజిక ప్రాధాన్యం గల విషయం. పన్నెండవ శతాబ్దానికి చెందిన ఒక సంస్కరణ యత్నాన్ని ఈ రెండు ఆయుధాలు కలిసి గుర్తుచేస్తున్నాయి. వాటిని మోసుకువచ్చేవారు కూడా భిన్న కులాలకు, వృత్తులకు చెందినవారు. ఉత్సవ దినాలలో వారందరినీ కలిపే బంధుత్వం వీరాచారం.

గతంలో గుంటూరు జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరే ఈ గాథను గుర్తుచేస్తుంది కనుక, ఉత్సవానికి సంబంధించిన ఆయుధాల సమాచారం జిల్లా చరిత్రకు మూలాధారాలలో ఒకటి అవుతుంది.

వీరభద్రుని ఖడ్గం

శైవంలో ఖడ్గారాధనకు మరొక రూపం వీరభద్ర సంప్రదాయం. దక్షయజ్ఞ ధ్వంసం కోసం శివుని జటాజూటం నుండి ఉద్భవించిన వీరభద్రుని చేతిలోని ఖడ్గం ఆయన ఆగ్రహానికి గుర్తు. వీరనాట్య కళాకారులు వీరభద్రుని ప్రభను మోస్తూ, వీరణం మోతకు అనుగుణంగా అడుగులు వేస్తూ, చేత ఖడ్గాన్ని ధరించి దక్షయజ్ఞ గాథను ఉగ్రస్వరంతో పలుకుతారు. ఆ సందర్భంలో పలికే వచనాలకు కూడా ‘ఖడ్గాలు’ అనే పేరు ఉన్నది. ఆయుధం పేరే సాహిత్య ప్రక్రియకు పేరు కావడం విశేషం. నారసాలు ధరించడం కూడా ఈ ఆరాధనలో ఒక భాగం. ఈ కళను అభ్యసించే కుటుంబాలు తగ్గితే ఖడ్గం మిగిలినా, దానితో పలికే ‘ఖడ్గం’ మిగలదు. వస్తు సంరక్షణ, కళా సంరక్షణ వేర్వేరు కార్యక్రమాలు కావని ఈ ఉదాహరణ తెలియజేస్తుంది.

లోహం చెప్పే చరిత్ర

ఆయుధంలోని లోహం కూడా ఒక చారిత్రక పత్రమే. మధ్యయుగాలలో దక్షిణ భారతదేశపు ఉక్కు ప్రపంచ ప్రసిద్ధి పొందింది. పాశ్చాత్యులు ఈ లోహానికి పెట్టిన ‘వూట్జ్’ అనే పేరు దక్షిణాది భాషలలోని ‘ఉక్కు’ శబ్దం నుండి వచ్చినదని పండితుల అభిప్రాయం. తెలంగాణలోని నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఈ ఉక్కు తయారీకి పేరుపొందిన కేంద్రం. ఇక్కడి ఉక్కును కొనుగోలు చేయడానికి పర్షియా వర్తకులు వచ్చేవారని పందొమ్మిదవ శతాబ్దపు రచనలు పేర్కొన్నాయి. మూసలలో కరిగించి తయారుచేసిన ఈ ఉక్కుతో చేసిన కత్తుల ఉపరితలంపై నీటి అలల వంటి గీతలు కనిపిస్తాయి. ఆలయంలోని పాత ఖడ్గంపై ఇటువంటి గీతలు ఉన్నట్లయితే, అది స్థానిక లోహ పరిశ్రమ చరిత్రకు ఆధారం కాగలదు.

పిడి, అలుగు ఒకే కాలానికి చెందినవి కాకపోవడం కూడా సాధారణం. పదహారు, పదిహేడు శతాబ్దాలలో ఐరోపా నుండి దిగుమతి అయిన అలుగులకు మన కమ్మరులు దేశీయ పిడులను అమర్చేవారు. అటువంటి కత్తులకు ‘ఫిరంగి’ అనే పేరు వచ్చింది. ఐరోపా అలుగులను కత్తిరించి కఠారులుగా మలచడమూ జరిగింది. ఒక ఆలయ కఠారి ఈ రీతిగా సముద్ర వ్యాపారం, కమ్మరి పనితనం, రాజుల అభిరుచి – ఈ మూడింటి వివరాలను తనలో ఇముడ్చుకుని ఉండవచ్చు.

ఉత్సవం కోసమే తయారైన ఆయుధాలు వేరు. ఇత్తడి, రాగి, వెండి, పంచలోహాలతో చేసిన చక్రాలు, త్రిశూలాలు, ఖడ్గాలు యుద్ధంలో వినియోగించడానికి ఉద్దేశించినవి కావు. అలుగుకు పదును ఉండదు. పిడిపై యాళి, గండభేరుండం, పద్మం వంటి అలంకరణలు అధికంగా ఉంటాయి. ఈ దృష్టితో ఆలయాయుధాలను మూడు తరగతులుగా విభజించవచ్చు: ప్రతిష్ఠ పొంది దైవంగా పూజలందుకునేవి, దైవానికి అలంకారంగా సమర్పించబడినవి, వాడకంలో ఉండి తరువాత ఆలయానికి లేదా ఆరాధనకు చేరినవి. ఒక్కొక్క తరగతికి సంబంధించిన నియమాలు, సంరక్షణ పద్ధతులు వేరుగా ఉంటాయి. బ్రిటిష్ పరిశోధకుడు రాబర్ట్ ఎల్‌గుడ్ 2004లో వెలువరించిన గ్రంథం హిందూ ఆయుధాలను ఆరాధనతో కలిపి పరిశీలించిన ముఖ్యమైన రచనలలో ఒకటి.

వయస్సు నిర్ధారణలో జాగ్రత్త

పత్రికలలో ‘ఎనిమిది వందల ఏళ్ల నాటి ఖడ్గం’ వంటి వర్ణనలు తరచుగా కనిపిస్తాయి. ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడటం అవసరం. సంప్రదాయం వయస్సు ఒకటి, లోహం వయస్సు మరొకటి. నిత్యం పూజలందుకునే ఆయుధం అరిగిపోతుంది, తుప్పుపడుతుంది, విరుగుతుంది. అప్పుడు కమ్మరి చేత కొత్త అలుగు వేయించి, పాత పేరుతోనే ఆరాధన కొనసాగించడం సహజం. విగ్రహం జీర్ణమైనప్పుడు జీర్ణోద్ధరణ జరిపినట్లే ఆయుధం కూడా పునరుద్ధరణ పొందుతుంది. దానివల్ల దాని పవిత్రతకు లోపం వాటిల్లదని భక్తుల విశ్వాసం.

కాబట్టి ఒక ఆయుధాన్ని ‘వీరుని వాస్తవ ఖడ్గం’ అని గాని, ‘తరువాతి కాలపు నకలు’ అని గాని పరీక్ష లేకుండా ప్రకటించడం ఉచితం కాదు. మొదటి ప్రకటన చరిత్రకు అన్యాయం చేస్తుంది. రెండవది ఆరాధకుల మనోభావాలకు అన్యాయం చేస్తుంది. ‘ఫలానా వీరుని పేరుతో ఆరాధింపబడుతున్న ఖడ్గం’ అని పేర్కొనడం రెండు విధాలా సమంజసం. అలుగు ఆకృతి, పిడి నిర్మాణం, అక్షరాల లిపి, అతుకుల తీరు, లోహ విశ్లేషణ ద్వారా నిపుణులు కాలాన్ని అంచనా వేయగలరు. లోహం ఇటీవలిదని తేలినా ఆచారం ప్రాచీనత చెక్కుచెదరదు.

చట్టపరమైన రక్షణ

ఆలయాయుధాలకు ఒకటికి మించిన చట్టాలు వర్తిస్తాయి. పురావస్తువులు, కళానిధుల చట్టం, 1972 ప్రకారం గతకాలపు శాస్త్రం, కళ, మతం, ఆచారాలను తెలియజేసే వస్తువు, చారిత్రక ఆసక్తి గల వస్తువు నూరేళ్లకు తక్కువ కాని వయస్సు కలిగి ఉన్నట్లయితే పురావస్తువు అవుతుంది. ఈ నిర్వచనం పరిధిలోకి ఆయుధాలు కూడా రాగలవు. పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం వెలుపలకు ఎగుమతి చేయడం నిషిద్ధం. ఈ చట్టం 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోకి వచ్చింది. పురావస్తువుల జాతీయ సమాచార నిధిని రూపొందించే లక్ష్యంతో 2007లో జాతీయ స్మారక చిహ్నాలు, పురావస్తువుల మిషన్ ప్రారంభమైంది.

దేవాదాయ శాఖ పరిధిలోని సంస్థలకు ఆంధ్రప్రదేశ్ ధార్మిక, హిందూ మత సంస్థల, దేవాదాయాల చట్టం, 1987 వర్తిస్తుంది. సంస్థ రిజిస్ట్రేషన్ సమయంలో నగలు, బంగారం, వెండి, పాత్రలతో పాటు ఇతర చరాస్తుల వివరాలు కూడా పొందుపరచవలసి ఉంటుంది. ఆయుధాలు ‘ఇతర చరాస్తుల’ కిందికి వస్తాయి. ఆచరణలో ఈ పద్దు కింద ‘పాత కత్తులు’ అనే ఒక్క మాటతో నమోదు ముగిసినట్లయితే, ఒక కత్తి స్థానంలో మరొకటి చేరినా గుర్తించే ఆధారం ఉండదు. వీరాచార కుటుంబాల ఇళ్లలోని ఆయుధాలు ఆలయ ఆస్తి కాదు కనుక ఆలయ రిజిస్టరులో వాటికి స్థానం లభించదు. వాటి విషయంలో కుటుంబాల సమ్మతితో జరిగే స్వచ్ఛంద నమోదే మార్గం.

ఆయుధాల చట్టం, 1959లోని 45వ సెక్షన్ కాలం చెల్లిన నమూనాకు చెందిన లేదా పురావస్తు విలువ కలిగి, తుపాకీగా వినియోగించడానికి వీలులేని ఆయుధాలకు మినహాయింపును కల్పించింది. అయినప్పటికీ ఊరేగింపుల సమయంలో ప్రజల భద్రత దృష్ట్యా జిల్లా యంత్రాంగం జారీచేసే ఉత్తర్వులకు లోబడి ఉత్సవాలు జరగవలసి ఉంటుంది. ఆయుధధారులతో ముందుగానే సమావేశం జరిపి, ఊరేగింపు మార్గం, ఆయుధాల సంఖ్య, ధరించేవారి వివరాలు నమోదు చేసుకున్నట్లయితే ఆచారానికి, శాంతిభద్రతలకు మధ్య ఘర్షణ తలెత్తదు. ఆ జాబితాయే భవిష్యత్తులో విలువైన చారిత్రక పత్రం అవుతుంది.

అమూర్త సాంస్కృతిక వారసత్వ పరిరక్షణకు యునెస్కో 2003లో ఆమోదించిన ఒడంబడికను భారతదేశం 2005లో ధ్రువీకరించింది. ఆచారాలు, ప్రదర్శన కళలు, మౌఖిక సంప్రదాయాలతో పాటు వాటికి సంబంధించిన పరికరాలు, వస్తువులను కూడా ఈ ఒడంబడిక వారసత్వంలో భాగంగా గుర్తిస్తుంది. ఆలయాయుధాలు ఈ నిర్వచనానికి చక్కగా సరిపోతాయి.

సంరక్షణలో పాటించవలసినవి

ఆయుధాలకు ప్రధాన శత్రువు తేమ. అభిషేక జలం, పాలు, పసుపు కుంకుమల పూత ఇనుముపై నిలిచి ఉన్నట్లయితే తుప్పు వేగంగా వ్యాపిస్తుంది. ఆచారాన్ని మార్చకుండానే దీనిని నివారించవచ్చు. స్నానం, పూజ ముగిసిన వెంటనే మంచినీటితో కడిగి, మెత్తని పొడి వస్త్రంతో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత మాత్రమే ఒరలో ఉంచాలి. తోలు ఒర, చెక్క ఒర తేమను పట్టి ఉంచుతాయి. కనుక సంవత్సరమంతా అలుగును ఒరలోనే ఉంచడం మంచిది కాదు.

ఉత్సవానికి ముందు ఆయుధం మెరవాలన్న ఉత్సాహంతో జరిగే శుభ్రత మరొక ప్రమాదం. గరుకు కాగితం, సానరాయి, ఆమ్లాలు, ఇటుకపొడితో రుద్దినప్పుడు తుప్పుతో పాటు అక్షరాలు, తయారీదారు ముద్రలు, ఉక్కులోని అలల గీతలు కూడా తొలగిపోతాయి. ఒకసారి చెరిగిన అక్షరం మళ్లీ రాదు. పాత ఇనుప ఆయుధానికి నికెల్ లేదా బంగారు పూత వేయించడం, విరిగిన పిడిని వెల్డింగు చేయించడం కూడా ఆధారాలను నాశనం చేస్తాయి. మరమ్మతు అనివార్యమైతే ముందుగా ఫోటోలు తీసి, పురావస్తు శాఖ లేదా మ్యూజియం నిపుణుల సలహా పొందాలి. తొలగించిన పాత భాగాలను పారవేయకుండా భద్రపరచాలి. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల సేకరణకు ప్రసిద్ధి చెందినది. పాత ఆయుధాల ఆకృతులను పోల్చి చూడటానికి అటువంటి సేకరణలు ఉపకరిస్తాయి.

ఆయుధాలను మ్యూజియాలకు తరలించడమే పరిష్కారమన్న అభిప్రాయం కొన్ని సందర్భాలలో వినిపిస్తుంది. పూజలో లేని, శిథిలమైన, భద్రత కొరవడిన వస్తువుల విషయంలో అది సముచితం కావచ్చు. పూజలో ఉన్న ఆయుధాన్ని తరలించినట్లయితే లోహం రక్షింపబడుతుంది గాని, దానిని మోసే కుటుంబానికి, పాడే గాయకునికి, ఎదురుచూసే ఊరికి దానితో గల సంబంధం తెగిపోతుంది. వస్తువును దాని స్థానంలోనే ఉంచి, సమగ్రమైన నమోదుతో రక్షించడం ఈ తరగతికి మేలైన పద్ధతి.

నమోదు పత్రంలో ఉండవలసిన అంశాలు

ప్రతి ఆయుధానికి ఒక విడి పత్రం తయారుచేయడం వాంఛనీయం. అందులో ఈ క్రింది వివరాలు పొందుపరచవచ్చు.

1. ఆయుధం స్థానిక నామం, దేవుని లేదా వీరుని పేరు.
2. పొడవు, వెడల్పు, బరువు, లోహం. పిడి, అలుగు, ఒరల వివరాలు.
3. అక్షరాలు, ముద్రలు, అతుకులు, మరమ్మతుల గుర్తులు.
4. కొలబద్దతో కలిపి అన్ని వైపుల నుండి తీసిన ఫోటోలు.
5. భద్రపరచే స్థలం, బాధ్యత వహించేవారి హోదా.
6. ఆరాధన జరిగే తిథి, స్నానం, ఊరేగింపు క్రమం, ఆయుధాన్ని తాకే అర్హత గురించిన ఆచారం.
7. సంబంధిత గాథ, పాట, వచనం – గాయకుని అనుమతితో చేసిన ధ్వనిముద్రణ.

మొదటి ఐదు అంశాలు దొంగతనం, మార్పిడి, నష్టాల నుండి వస్తువును కాపాడతాయి. చివరి రెండు అంశాలు దాని అర్థాన్ని కాపాడతాయి. భద్రపరచే స్థలం, తాళాల వివరాలు వంటివి భద్రతా కారణాల వల్ల బహిరంగపరచరాదు. విలేకరులు కూడా ఇటువంటి వివరాలను ప్రచురణలో మినహాయించడం శ్రేయస్కరం.

కారంపూడిలో కల్లిపాడు ముగిసిన తరువాత ఆయుధధారులు తమ తమ గ్రామాలకు తిరుగు ప్రయాణమవుతారు. ఆయుధం మళ్లీ ఇంటి పూజగదికి చేరుతుంది. మరుసటి కార్తీకం వరకు దాని చరిత్ర ఆ ఇంటి పెద్దల మాటలలోనే ఉంటుంది. ఆ మాటలను పెద్దల సమ్మతితో, వారి జీవితకాలంలోనే నమోదు చేయగలిగితే, శాసనం లేని ఆ ఆయుధాలకు కూడా శాసనంతో సమానమైన ఆధారం ఏర్పడుతుంది.